గట్కనా, గుట్కానా

ధనుంజయ్ అనేవాడు ఈ భూమ్మీద ఎందుకు పుట్టాడో పుట్టించిన దేవుడు మరిచిపోయి ఉండవచ్చు గానీ, పోశన్న మరిచిపోడు. వాడు పోశన్న తిండి తినడానికి పుట్టాడు. పెళ్లినాడు బావ పక్కన కూర్చుని బావ విస్తట్లో లడ్డూ తిన్నాడు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఏ కూర ఉడికినా, ఉప్పు చూసేది వాడే. అదంతా పోశన్న ఓర్చుకున్నాడు. మొన్నామధ్య ఓ ఆదివారం వాడు తిన్న తిండి మాత్రం ఓర్చుకునేది కాదు. ఆ సంగతి వాళ్ల ఊరు మోస్రాలో ఎవరినడిగినా నవ్వుతూ చెబుతారు. నవ్వకుండా చెప్పగలిగేది పోశన్న ఒక్కడే.

ధనుంజయ్ పోశన్నకు బామ్మర్ది. భార్య భాగ్యలక్ష్మికి సొంత తమ్ముడు. పోశన్న ఇంట్లో భాగ్యమూ, లక్ష్మీ ఆమె పేరులో తప్ప ఇంకెక్కడా కనబడవు.

బావ పొలానికీ, బామ్మర్ది పొలానికీ నడుమ, కాలువ పక్కన ఒక ముక్క ఉంది. ఒకప్పుడది పోశన్న తండ్రిదే. చెరుకు పండి డబ్బులు పండని ఒక ఏడాది, ఆయన దాన్ని కోస్తా నుంచి వచ్చి క్యాంపులో స్థిరపడిన ఒక పెద్దమనిషికి అమ్మేశాడు. అమ్మిన నాటి నుంచి పోయేదాకా రోజూ పొద్దున ఆ గట్టు మీద కూర్చుని, తనవి కాని నీళ్లు తనది కాని మడిలోకి పారుతుంటే చూసేవాడు. "ఒక్కపాలి మల్ల మన పేరు మీదికెక్కితే సాలు బిడ్డా" అన్నది ఆయన చివరి మాట. ఆ తర్వాత మంచినీళ్లు కూడా అడిగాడు గానీ, పోశన్న దాన్ని మాట కింద జమకట్టడు.

ఆ పెద్దమనిషి కొడుకు చక్రవర్తి కాకినాడలో ఉంటాడు. ఇక్కడి పొలాలన్నీ అమ్మగా మిగిలిన ఈ ముక్కను కూడా వదిలించుకుంటానన్నాడు. అటు నుంచి ధనుంజయ్ నాక్కావాలన్నాడు, ఇటు నుంచి పోశన్న నాక్కావాలన్నాడు. ఇద్దరూ ఒక్కటే ధర చెప్పారు.

"మీ నాన్నగారి భూమి కాబట్టి ముందు మీకేనండి పోశన్న గారూ. ఆదివారం వచ్చి, పొలం ఓసారి చూసుకుని మాట ఇచ్చేస్తాను" అన్నాడు చక్రవర్తి స్పీకరు ఫోనులో. "నిజామాబాదులో రైలు దిగుతాను. దారిలో ఏదైనా మంచి హోటల్ చూడండి. మా వైపు తిండి కాదండోయ్, అచ్చం మీ ఊరి రుచే ఉండాలి. గట్క దొరికితే మరీ సంతోషం."

సరిగ్గా ఆ మాట దగ్గరే సిగ్నల్ గుటకేసింది.

"ఇన్నవా? సార్‌కు గుట్కా గావాల్నట" అన్నాడు పోశన్న ఫోను జేబులో వేసుకుంటూ.

"గుట్కా కాదయ్యా, గట్క. జొన్న రవ్వతోని వండే గట్క" అంది భాగ్యలక్ష్మి.

"మతి ఉన్నదా నీకు? ఏసీ డబ్బాల వచ్చేటోడు గట్క అడుగుతడా? గట్క మనం లేనప్పుడు తిన్నది."

"ఉన్నప్పుడు ఏం తిన్నమో గది సెప్పు, గదే వండుత."

"నేను ఏడో తరగతి సదివిన."

"సదివింది కండ్లతోని. గిది చెవులతోని ఇనేది."

ఏడో తరగతి దాకా చదివిన మనిషి చదవని ఆడదానితో వాదించకూడదని పోశన్నకు పెళ్లయిన వారానికే తెలిసింది. తెలిసీ ఇరవై ఆరేళ్లుగా వాదిస్తూనే ఉన్నాడు.

మర్నాటి నుంచి మోటారు సైకిలు మీద హోటళ్ల వేట మొదలైంది. మంచి హోటల్ని కనిపెట్టడానికి పోశన్న ఒక సూత్రం తయారుచేసుకున్నాడు. బోర్డు చూడకూడదు, గోడ చూడాలి. సార్‌కు ఊరి రుచీ కావాలి, గుట్కా కూడా కావాలి కాబట్టి, ఏ హోటల్ గోడ మూలలు ఎక్కువ ఎర్రగా ఉంటే అదే అసలైన హోటల్. ఆ లెక్కన నవీపేట్ దాకా వెళ్లి మూడు ఎర్ర గోడల దగ్గర మూడు రోజులు భోంచేశాడు. నాలుగో రోజు మంచంలోంచి లేవలేదు. లేచినా, లేచిన పని ఒక్కటే.

భాగ్యలక్ష్మి సల్ల గ్లాసు తెచ్చి పెట్టింది. "సార్‌ను కూడ గాడికే తోల్కపో. పొలం రాసిచ్చుడు కాదు, వీలునామనే రాసిస్తడు."

దాంతో సూత్రం మారింది. గోడ వద్దు, బోర్డే చూడాలి. బోధన్ దాటగానే, రోడ్డు పక్కన ఒక కొత్త హోటల్ బోర్డు ఆర్చీ అంత ఉంది: 'అవ్వ కట్టెల పొయ్యి. అసలు సిసలు తెలంగాణ రుచులు. ఏసీ కలదు.' గోడలు పాలమీగడలా తెల్లగా ఉన్నాయి. ఇక గుట్కా సంగతి తానే చూసుకోవాలి. బస్టాండు దగ్గర పాన్ డబ్బా వాడు "కాయ్ పాహిజే?" అని మరాఠీలో ఏం కావాలో అడిగాడు. పోశన్న నాలుగు దిక్కులూ చూసి, చెవిలో చెప్పాడు. వాడు అంతకంటే ఎక్కువ దిక్కులు చూసి, బార్డరు అవతల నుంచి వచ్చిన సరుకు కాగితంలో చుట్టి ఇచ్చాడు. మన దగ్గర నిషేధం కదా, అందుకని ధర మీద కూడా బార్డరు దాటిన అలసట కనబడింది.

ఆదివారం పొద్దున కిరాయి కారు వాకిట్లోకి వచ్చింది. భాగ్యలక్ష్మి స్టీలు డబ్బా పట్టుకుని ఎదురొచ్చింది. పై గిన్నెలో జొన్న గట్క, కింది గిన్నెలో పచ్చిపులుసు, పక్కన ఉల్లిగడ్డ.

"గిది పట్కపో. సార్‌కు కార్లనే తినవెట్టు."

"ఇజ్జత్ తీస్తవా? ఏసీ హోటల్‌కు పోతున్నం. గట్క డబ్బ సంకల వెట్టుకొని పోవాల్నా?"

"అంజవ్వ చేసినట్టే చేసిన. ఒక్క ముద్ద ముంగట వెట్టి సూడు, మాట ఇనయ్యా."

అంజవ్వ పోశన్న తల్లి. పోయి పన్నెండేళ్లయింది. ఆమె పేరు వినబడితే పోశన్నకు ముందు ఏడుపు వస్తుంది, దాన్ని ఆపుకోవడానికి వెంటనే కోపం వస్తుంది. సరిగ్గా ఆ కోపం వచ్చిన సమయానికి, మోటరు వెయ్యడానికి పొలం పోతూ ధనుంజయ్ బండి ఆపాడు.

"బావా, ఏం వాసనే గది?"

పోశన్న డబ్బా గుంజి వాడి చేతిలో పెట్టాడు. "తీస్కపో. నీ కుక్కకు వెట్టుకో."

"నాకు కుక్క లేదు బావా."

"అయితే నువ్వే తిను. ఏం ఫరకున్నది?"

ధనుంజయ్‌కు తిండి విషయంలో రోషం ఉండదు. డబ్బా హ్యాండిలుకు తగిలించుకుని వెళ్లిపోయాడు. భాగ్యలక్ష్మి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే భయపడాలని పోశన్నకు గుర్తుండాల్సింది.

చక్రవర్తి రైలు దిగాడు. సన్నగా, నెమ్మదిగా, అన్నిటికీ 'అండి' తగిలించి మాట్లాడే మనిషి. కారు బోధన్ దరిదాపులకు వచ్చేసరికి దూరంగా చక్కెర ఫ్యాక్టరీ గొట్టం కనబడింది.

"పొగ రావట్లేదేంటండీ?"

"బంద్ వడి శానా ఏండ్లాయె సార్. గిప్పుడు పొగ మా కడుపులల్లకెల్లి వస్తది."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఎంతో దూరం పోలేదు.

'అవ్వ కట్టెల పొయ్యి'లో కట్టెల పొయ్యి గోడ మీద బొమ్మలో ఉంది. లోపల గ్యాసు. ఒక గోడకు చాట, ఒక గోడకు బండి చక్రం, మధ్య గోడకు రంగు దీపాలు చుట్టిన నాగలి. పోశన్న నాగలి వంక చూసి ఆగిపోయాడు. మేడి దగ్గర పగులుకు ఇనుప పట్టీ, పట్టీకి వంకరగా కొట్టిన మూడు మేకులు. ఆ మేకులు కొట్టింది వాళ్ల బాపు. పోయినేడు పాత సామాన్లవాడికి వేసిన నాగలి, తనకంటే ముందే ఏసీలోకి వచ్చి కూర్చుంది.

"ఎంత బాగుందండీ!" అంటూ చక్రవర్తి దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు. పోశన్నే తీశాడు.

బీహారు నుంచి వచ్చిన సర్వరు హిందీలో అడిగాడు, పోశన్న ఉర్దూలో చెప్పాడు, తెలంగాణ రుచులు బల్ల మీదికి వచ్చాయి. చక్రవర్తి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. ఉలవచారు వాసన చూశాడు. గోంగూర మాంసం వేలితో తీసి నాకాడు. వంటవాణ్ణి పిలిపించాడు.

"ఏ ఊరయ్యా మీది?"

"తణుకండి" అన్నాడు వంటవాడు సంతోషంగా.

"అనుకున్నాను. మొన్న రాత్రి మా ఇంట్లో తిన్నదే ఇది" అన్నాడు చక్రవర్తి. "రైలెక్కి ఇంత దూరం వచ్చి, మళ్లీ మా వంటింట్లోనే కూర్చున్నాను పోశన్న గారూ. పోనీలెండి. నేను ఫోనులో అడిగింది దొరికిందా?"

పోశన్న ముఖం వెలిగింది. ఇన్ని రోజుల కష్టానికి ఫలితం దక్కే ఘడియ. కన్ను గీటి, బల్ల కింద నుంచి కాగితం పొట్లం చక్రవర్తి ఒళ్లోకి జరిపాడు. "మెల్లగ సార్. బార్డర్ అవతలిది. ఫస్ట్ క్లాస్ మాల్."

చక్రవర్తి పొట్లం విప్పాడు. పది గుట్కా ప్యాకెట్లు. ప్రతి ప్యాకెట్ మీదా కుళ్లిన దవడ బొమ్మ.

ఆయన చాలాసేపు ఆ బొమ్మల్నే చూశాడు. సర్వరు నీళ్లు పోసి వెళ్లాడు.

"మా నాన్నగారి దవడ ఇలాగే పోయిందండి" అన్నాడు చివరికి. "పధ్నాలుగు నెలలు గొట్టంతో పాలు పోశాం. ఇదే సరుకు. ఇక్కడే అలవాటైంది."

"నాకు ఎరుకలేదు సార్... నువ్వే గద సార్ గుట్కా అడిగినవ్!"

"గట్క అన్నానండి. జొన్న గట్క. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి వస్తే, మీ అమ్మగారు అంజవ్వ ఆ పొలం గట్టు మీద కూర్చోబెట్టి పెట్టేది. క్యాంపు పిల్లాడికి మన గిన్నెలో పెడతావా అని అందరూ నవ్వేవారు. అయినా పెట్టేది."

పోశన్న కుర్చీలోంచి ఎగిరాడు. "సార్, గట్క ఉన్నది! తయారున్నది!" బయటికి పరిగెత్తి భార్యకు ఫోను చేశాడు. "గట్క డబ్బ ఏడున్నదే?"

"కుక్కకు వెట్టుమంటివి గద."

"సతాయించకు! సార్ గదే అడిగిండు!"

"నాకు ఎరుక గాదా? అందుకే తమ్మునికి ఫోన్ జేసిన. సగం దాసి ఉంచురా, సార్ వస్తడు అన్న. తిన్నడో, ఉంచిండో. ఉరుకు."

బిల్లు కట్టి, చిల్లర కూడా తీసుకోకుండా కారెక్కారు. మోస్రా దాకా పోశన్న మనసులోనే మాటలు కూర్చుకున్నాడు: డబ్బా మా ఇంటిది, వండింది నా భార్య, నేర్పింది నా తల్లి. భూమికీ తనకూ మధ్య ఇంకేం అడ్డం లేదు, ధనుంజయ్ ఆకలి తప్ప.

గట్టు మీద ధనుంజయ్ కాళ్లు కాలువలో వేసుకుని కూర్చున్నాడు. డబ్బా మూత తీసి ఉంది. జన్మలో మొదటిసారి వాడు సగం మిగిల్చాడు.

చక్రవర్తి బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడిచి, వాడి పక్కన మట్టిలో కూలబడ్డాడు. గట్కలో గుంట చేసి పచ్చిపులుసు పోసుకున్నాడు. మొదటి ముద్దకు కళ్లు మూసుకున్నాడు. రెండో ముద్దకు భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

"మంచిగున్నదా సార్?" అన్నాడు ధనుంజయ్.

"అదే రుచండి. అచ్చం అదే. మీరు తినకుండా నాకు ఉంచారా?"

పోశన్న గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆ డబ్బ మా ఇంట్లకెల్లే..."

"అవు సార్" అన్నాడు ధనుంజయ్ మంచిగా. వాడికి బావ అంటే నిజంగానే ఇష్టం. "బావనే ఇచ్చిండు. కుక్కకు వెట్టుమన్నడు. నాకు కుక్క లేదు గద, నేనే తింటున్న."

చక్రవర్తి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పోశన్న వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. ఆయన జాలిగా చూశాడు.

"ఈ గట్టు మీద మీ అమ్మగారు నాకు పెట్టిన అన్నం అండి అది" అన్నాడు. ఆ ముద్ద తిని, చెయ్యి కాలువలో కడుక్కుని, ధనుంజయ్ వైపు తిరిగాడు. "మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి సంతకం పెడతానండి."

ఇంటికి వచ్చేసరికి భాగ్యలక్ష్మి వాకిట్లో నిలబడి ఉంది. ముఖం చూసి, కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి, ఒక గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

"గిదేంది?"

"గట్క. కుండల ఇంత మిగిలింది."

పోశన్న ఏళ్ల తర్వాత ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అమ్మ చేతి రుచి. ఏడుపు వచ్చింది. కోపం తెచ్చుకుందామని చూశాడు, ఈసారి రాలేదు.

"మీ తమ్మునికి సగం ఉంచుమని సెప్పకుంటివా, వాడు మొత్తం తింటుండె. డబ్బ ఖాళీగ ఉంటుండె. సార్‌కు ఏం ఎరుకగాకపోతుండె."

"నువ్వు కుక్క అనకుంటివా, గిప్పుడు బాపు కూసున్న గట్టు మీద నువ్వు కూసుంటుంటివి" అంది ఆమె. కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

పోయిన వారం మోస్రా తహసీల్ ఆఫీసులో ధనుంజయ్ పేరు మీద పట్టా మారింది. సాక్షి సంతకం పోశన్నే పెట్టాడు, ఏడో తరగతి దాకా చదివిన చేత్తో. కాలువ పక్కన, సర్కారు కొలత ప్రకారం, గట్టుతో సహా, ఇరవై మూడు గుంటలు.