ఓడినవారి సంతకం

ఎవరు గెలిచారో ఆటగాళ్లకే తెలిసిపోయే దిక్కుమాలిన ఆట చదరంగం. ఆ లోపాన్ని సరిదిద్దడానికే టోర్నమెంటులో ఫలితాల ఉపసంఘం వెలిసింది. (అసలు సంఘం ఎక్కడుందని అడగకూడదు. అడగడానికి వేరే ఫారం ఉంది.)

పదకొండేళ్లుగా ఆడుతున్న దర్జీ ఇక్కడ ఒక్క ఆటా గెలవలేదు. పొద్దున బయల్దేరుతుంటే భార్య, "ఈసారైనా గెలిచి రండి. మా తమ్ముడి వెటకారం వినలేక చస్తున్నా" అంది.

అలాంటి దర్జీ ఆ మధ్యాహ్నం, పన్నెండో బల్ల మీద, ఎదురుగా కూర్చున్న మెకానిక్కు తాలూకు నల్ల రాజును మూలకు తోసి గుర్రంతో బిగించాడు. "ఆటకట్టు!" అన్నాడు.

మెకానిక్కు బోర్డంతా వెతికి, "అబ్బ, భలే ఇరికించావు గురూ! టీ తాగొస్తా" అని లేచి వెళ్లాడు.

దర్జీ ఒక్క పరుగున ఫలితం చీటీ తీసుకెళ్లి నిర్ణేతకిచ్చాడు.

"ఓడినవారి సంతకమేది?"

"టీకెళ్లాడండీ. ఆట అయిపోయింది, చూడండి."

"బోర్డు మీద అయిపోయింది. కాగితం మీద నడుస్తోంది."

ఓడినవారు సంతకం చేసేదాకా గెలిచినవారి గడియారం తిరగాలని ఏడో నిబంధన. (గెలిచినవారికి తొందరెక్కువని ఉపసంఘం అధ్యయనంలో తేలింది.) గడియారంలో దర్జీకి తొమ్మిది నిమిషాలే మిగిలాయి; అవి అయిపోతే ఓటమే. తనే వెళ్లి పిలుచుకొద్దామంటే, ఆట మధ్యలో హాలు దాటినవాడు ఓడినట్టేనట.

"మరి అతను దాటాడు కదండీ!"

"ఆయన ఓడిపోయాడని మీరే అంటున్నారుగా. ఓడినవారు ఎక్కడికైనా వెళ్లొచ్చు."

దర్జీ కిటికీలోంచి, "అన్నా, ఒక్క సంతకం!" అని అరిచాడు. మెకానిక్కు రెండో టీ గ్లాసు పైకెత్తి, "నువ్వే గెలిచావు గురూ!" అని వీధంతా వినపడేలా చెప్పాడు.

"నోటిమాట చెల్లదండీ" అన్నాడు నిర్ణేత.

గడియారం కూసింది. నిర్ణేత లేచి నిలబడి, టైమైపోయినందున దర్జీ ఓడిపోయాడని ప్రకటించి, ఓడినవారి సంతకానికి చీటీ అతని ముందుకు తోశాడు. దర్జీకి ఏడుపొక్కటే తక్కువ.

"నేను సంతకం పెట్టకపోతే?"

"ఆట నడుస్తూనే ఉంటుంది. మీరు హాలు దాటకూడదు."

దర్జీ పన్నెండో బల్ల వైపు చూశాడు. మెకానిక్కు తాలూకు నల్ల రాజు ఇంకా మూలలోనే ఇరుక్కుని ఉన్నాడు. దర్జీ పెన్ను తీశాడు. ఎక్కడ పెట్టాలో చూపిద్దామని నిర్ణేత ముందుకు వంగేలోపే, పదకొండేళ్ల అలవాటు కొద్దీ, ఓడినవారి గడిలో సంతకం పెట్టేశాడు.