ఐదు మిల్లీమీటర్ల దాంపత్యం

కొత్త దంపతులకి ఏం బహుమతి ఇవ్వాలా అని తల పట్టుకునే పెద్దలారా, ఇక ఆ బెంగ వద్దు. నాలుగు పిన్నుల మీద అర నిలబడాల్సిన అలమార ఒకటి కొని, మూడే పిన్నులతో ఇవ్వండి. నాలుగోది జేబులో వేసుకుని వెళ్లిపోండి. ఆ జంట నూరేళ్లు చల్లగా ఉంటుంది!

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. నా పెళ్లై పదకొండు వారాలే అయింది కాబట్టి అనుభవం తాజాగా కూడా ఉంది.

నేనూ మా ఆయన ఆర్నే కెనడాలో థండర్ బే అనే ఊళ్లో ఒక మేడ మీది వాటాలో ఉంటాం. ఆర్నేకి ఉత్తరాన బంగారు గనిలో పని. పద్నాలుగు రోజులు అక్కడ, పద్నాలుగు రోజులు ఇక్కడ. బుధవారం విమానం దించుతుంది, మళ్లీ బుధవారం విమానమే ఎక్కించుకు పోతుంది. అంటే ఇప్పటిదాకా నా వాటాకి వచ్చిన మొగుడు సగమే. మా ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే వరస కాబట్టి దీని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. నేనూ చేయడం లేదు, గమనించగలరు.

ఈసారి దిగిన రోజే ఇద్దరం కూర్చుని వంటింటి అలమార బిగించాం. పెట్టెలో పలకలు పలకలుగా వచ్చే రకం. అంతా అయ్యాక నాలుగో పిన్ను నా వేళ్లలోంచి జారి, నేల మీద దొర్లుకుంటూ వెళ్లి, హీటరు గాలి వచ్చే జాలీలోంచి లోపలికి దిగిపోయింది. చిటికెన వేలి గోరంత ఇనప ముక్క! అది లేకపోయేసరికి అర ఒక మూల వాలిపోయింది. పెళ్లికి వచ్చిన పింగాణీ పాత్రలన్నీ సోఫా మీద కూర్చున్నాయి.

"రేపు తెచ్చేస్తాలే, పది నిమిషాల పని" అన్నాడు ఆర్నే.

పది నిమిషాలట! మొగుడు ఇంట్లో ఉండేదే పద్నాలుగు రోజులైనప్పుడు, పది నిమిషాల్లో తేలిపోయే పని ఏ భార్యకి కావాలి?

కానీ నా అదృష్టం, మేం కెనడావాళ్లం. మాకు బయటి చలి సెల్సియస్‌లో, ఓవెన్ వేడి ఫారెన్‌హీట్‌లో. రోడ్డు కిలోమీటర్లలో, మొగుడి ఎత్తు అడుగుల్లో. అలమార మిల్లీమీటర్లలో పుడుతుంది, దాన్ని మేం అంగుళాలతో పెంచుతాం. ఆర్నే దగ్గరున్నది వాళ్ల తాతగారి టేపు. దానికి అంగుళాలు తప్ప వేరే భాష రాదు. అలమార పలకలో పిన్ను దూరే రంధ్రం మీద ఆనించి చూసి "పావంగుళం కన్నా కాస్త తక్కువ" అన్నాడు. మర్నాడు నేను పనిలో ఉండగా ఒక్కడే షాపుకి వెళ్లి, ఆ "కాస్త"ని దారిలో ఎక్కడో పారేసి, పావంగుళం పిన్నులు తెచ్చాడు.

దూరలేదు. తప్పు రంధ్రానిదన్నాడు. నేను ఒప్పుకున్నాను.

శనివారం ఇద్దరం వెళ్లి ఇంకో సైజు తెచ్చాం. ఇది దూరింది, కాస్త వదులుగా. అర నిలబడింది. భుజాల మీద చేతులు వేసుకుని మురిసిపోతున్నాం. అంతలో పిన్ను ఊడింది, పాత్రలు క్యూ పాటిస్తూ ఒకదాని వెనక ఒకటి జారాయి. ముందున్నది నేల మీద మూడు ముక్కలైంది. ఇద్దరం ఒకేసారి దానికి సారీ చెప్పాం.

నమూనా పట్టుకెళ్లాలని అప్పుడు తట్టింది. మిగిలిన మూడింట్లో ఒకటి పీకి తీసుకెళ్లాం. షాపులో గోడ నిండా చిన్న చిన్న డ్రాయర్లు. ఆర్నే ఒక డ్రాయరు తెరిచి, పోల్చి చూద్దామని మా పిన్నుని అందులో పెట్టాడు. లోపల చూపుకి అలాంటివే, సైజులో మాత్రం కాస్త తేడావి ఓ రెండు వందలున్నాయి. ఇంకేముంది? మా నమూనా జనంలో కలిసిపోయింది. కౌంటరు దగ్గరున్న డోరీన్ ఆ డ్రాయర్ల మధ్యే ముప్పై ఏళ్లుగా ఉన్న మనిషి. "ఏమైనా కావాలా నాన్నా?" అని రెండుసార్లు అడిగింది. అబ్బే, ఊరికే చూస్తున్నామంతే అన్నాడు ఆర్నే. ఊరికే ఆవిడని ఇబ్బంది పెట్టడం మర్యాద కాదు కదా!

ఇక లాభాలు వినండి. షాపుకి ఇద్దరం వెళ్లిన ప్రతిసారీ తిరిగొస్తూ గులాబీ రంగు ఐసింగు పూసిన మా ఊరి పెర్షియన్ బన్నులు తిన్నాం. మూడో ప్రయాణంలో, చెరువు దగ్గర కారు ఆపినప్పుడు, నా మొగుడికి బాతులంటే భయమని తెలిసింది. పెళ్లికి ముందు రెండేళ్లు కలిసి తిరిగాం, ఈ రహస్యం బయటపడలేదు! నాలుగో ప్రయాణంలో, గనిలో నిద్ర పట్టనప్పుడు మా వంటింట్లో ఏది ఎక్కడుందో మనసులో సర్దుకుంటూ పడుకుంటాడని చెప్పాడు. అన్ని పిన్నులూ ఒకే సైజులో ఉండే దేశంలో ఈ మాట ఏ భార్యకైనా వినబడుతుందా?

ఆదివారం మా అత్తగారు ఇర్యా వచ్చింది. వాలిన అర చూసింది. టొమాటో సూపు డబ్బాలు రెండు తీసి పిన్నుల్లేని రెండు మూలల కిందా పెట్టింది. అర గీత గీసినట్టు నిలబడింది. మేమిద్దరం ఆవిడ వైపు ఎలా చూశామంటే, ఆవిడే డబ్బాలు వెనక్కి తీసేసింది.

ఆర్నే కిందికి వెళ్లాక నా పక్కన కూర్చుంది. "మీ మామగారూ ఇరవై ఆరేళ్లు గనికి తిరిగినవారే. ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లో మా కుళాయి కారడం ఎప్పుడూ ఆగలేదమ్మాయ్" అంది. అని కాఫీ తాగింది.

ఇక్కడ నేనొక నిజం ఒప్పుకోవాలి. నేను పళ్ల డాక్టరు దగ్గర హైజీనిస్టుని. పొద్దున్నించి సాయంత్రం దాకా జనం చిగుళ్ల సందుల్లోకి సన్నటి పుల్ల దించి మూడు, నాలుగు, ఐదు అని మిల్లీమీటర్లు చెప్పడమే నా ఉద్యోగం. ఆ రంధ్రం ఐదని మొదటి రోజే, కళ్లతోనే చూసి తెలుసుకున్నాను. నోరు మెదపలేదు.

చివరి మంగళవారం మాత్రం మనసు ఆగలేదు. వంకర అరని వదిలి వెళితే, అక్కడ నిద్ర పట్టని రాత్రి అతను ఆ పాత్రలు ఎక్కడ సర్దుకుంటాడు? ఆర్నేని వెంటబెట్టుకుని వెళ్లి డోరీన్‌ని నేనే అడిగాను. ఆవిడ అటు తిరక్కుండానే ఒక డ్రాయరు లాగింది.

"ఐదు మిల్లీమీటర్లు" అంది. తర్వాత ఆర్నే వైపు తిరిగి, "మొదటిరోజు నువ్వొక్కడివే వచ్చినప్పుడు చూపించింది ఇదే కదా నాన్నా? పావంగుళందే చాలన్నావు."

ఆర్నే పెయింటు డబ్బాల వైపు చాలా శ్రద్ధగా చూశాడు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఇంటికొచ్చి రెండు పిన్నులూ దూర్చడానికి అర నిమిషం పట్టింది. బుధవారం విమానం వేళకే వచ్చింది.

ఇప్పుడు అర నిటారుగా ఉంది, పాత్రలు వరసగా ఉన్నాయి, నేను వాటిని చూస్తూ ఇది రాస్తున్నాను. డోరీన్ షాపులో ఎన్ని రకాల రంధ్రాలుంటే అన్ని రకాల పిన్నులున్నాయి. గని యాజమాన్యం వారూ, మీ డ్రాయర్లు కూడా ఒక్కసారి లాగి చూడండి. సెలవులో ఈ పద్నాలుగు రోజుల సైజొక్కటేనా ఉన్నది?