సిద్ధమ్మ గుంతలో దొరికిన నాగరికత

మన జిల్లాలో మర్యాద దక్కాలంటే మనిషి చచ్చి కనీసం రెండు వేల ఏళ్ళయినా అయి ఉండాలి!

నవ్వకండి. బతికున్నవాడు అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళితే బంట్రోతు కూడా తలెత్తి చూడడు. అదే రెండు వేల ఏళ్ళ కిందట పోయినవాడి కాలి ఎముక ఒక్కటి బయటపడనివ్వండి! జీపులొస్తాయి, టెంట్లు లేస్తాయి, ఎండ తగలకుండా దానికి గొడుగు పడతారు. ఇంతటి మర్యాద నేర్పిన పురావస్తు శాస్త్రాన్ని కొందరు తెలివితక్కువవాళ్ళు తిడుతున్నారు. నేను ఒప్పుకోను. తవ్వకాల వల్ల విజ్ఞానం పెరిగింది, భక్తి పెరిగింది, కళ పెరిగింది. పెరగనిదల్లా సిద్ధమ్మ చేలో పైరు. దేశం ముందుకు పోతున్నప్పుడు అదీ ఒక విషయమేనా?

వడమాలపేట దాటి పుత్తూరు వైపు వెళుతూ, రోడ్డు దిగి మైలున్నర నడిస్తే ఒక చిన్న పల్లె వస్తుంది. అక్కడ మునిరామయ్యకూ ఆయన భార్య సిద్ధమ్మకూ ఎకరన్నర చేను ఉంది. డెబ్భై తొమ్మిదో సంవత్సరం. వానలు ముఖం చాటేశాయి. మొగుడూ పెళ్ళాలు బావి తవ్వుకుందామని పూనుకున్నారు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీటి జాడ చూసే ఆయన వచ్చి చేనంతా తిరిగి, టెంకాయ నిట్టనిలువుగా లేచిన ఒకే ఒక్క చోట నాలుగు రాళ్ళు పెట్టి పోయాడు. ఆ రాళ్ళ మధ్య ఏడడుగులు దిగారో లేదో, గడ్డపారకు ఏదో గట్టిగా తగిలింది.

అది కాల్చిన ఎర్రమట్టి తొట్టి. మనిషి పడుకుంటే సరిపోయేంత పొడవు. కింద ఆరు చొప్పున రెండు వరసల్లో పన్నెండు పొట్టి కాళ్ళు. పైన మూత. ఎవరో పాతకాలం వాళ్ళు గొడ్లకు కుడితి పోసే తొట్టిని పూడ్చిపెట్టారనుకుంది సిద్ధమ్మ. మూత జరిపి చూస్తే లోపల ఎముకలు, తుప్పు పట్టిన కత్తి, నాలుగు కుండలు ఉన్నాయి.

ఇక్కడ నేను ప్రవేశించాను. పుత్తూరులో ఉంటూ పత్రికలకు వార్తలు పంపడం నా వృత్తి. కబురు తెలిసి సైకిలెక్కి పోయేసరికి మునిరామయ్య గుంతలో నిలబడి తొట్టికి మోకు కడుతున్నాడు.

"దీన్ని గట్టుమీదికి లాగేసి పని కానిస్తామన్నా. రేపో ఎల్లుండో నీళ్ళు పడేట్టుండాది. మట్టి సల్లంగా ఉండాది సూడు," అన్నాడు.

"అయ్యయ్యో, ముట్టుకోవద్దు! ఇది దేశ సంపద. నేను పేపర్లో రాస్తాను. ప్రభుత్వం వాళ్ళే వచ్చి, మెచ్చుకుని, మీకు బావి తవ్వించి మోటారు కూడా పెట్టిస్తారు," అన్నాను నేను.

మునిరామయ్య ముఖం వెలిగింది. సిద్ధమ్మ మాత్రం కొంగుతో చెమట తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

"రాయొద్దనలేదన్నా. రెండు దినాలు తాళి రాయకూడదా? ఆలోపల మాకు నీళ్ళు పడిపోతాయి కదా?"

రెండు రోజులు ఆగితే వార్త పాతబడిపోదూ? ఆ సాయంత్రమే పంపేశాను. మూడో రోజు నా పేరుతో సహా అచ్చయింది. నలుగురికీ చూపించుకున్నాను. కాబట్టి పాఠకులారా, ఇకపై జరిగిన మహోపకారమంతటికీ మూలపురుషుణ్ణి నేనేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ముందుగా విజ్ఞానం వచ్చింది. దాని పేరు డాక్టర్ జయరావు. ఒక పెద్ద శాఖకు సలహాదారు. ఆ శాఖ పేరు రాయను, రాస్తే నన్ను కూడా తవ్వుతారు. ఆయన గుంతలోకి దిగి, చిన్న బ్రష్షుతో ఎముకల మీది దుమ్ము దులిపి, ఇది క్రీస్తు పూర్వపు శవపేటిక అని తేల్చాడు. అప్పటిదాకా మా కరణం గారి సిద్ధాంతం వేరుగా ఉండేది. పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి పోతూ దారిలో ప్రాణం వదిలిన వాడెవడో అయి ఉంటాడని ఆయన ఊహ. దాన్ని డాక్టర్ గారు సైంటిఫిక్‌గా ఖండించారు.

సిద్ధమ్మ గట్టుమీద నుంచే అడిగింది.

"సామీ, వీళ్ళు సచ్చి రెండు వేల ఏండ్లయిందని అంత కచ్చితంగా సెప్తా ఉండారే, నీళ్ళు ఎన్ని అడుగుల్లో ఉండాయో కూడా సెప్పండి సామీ."

"అది మా సబ్జెక్టు కాదమ్మా," అన్నారు డాక్టర్ గారు.

సబ్జెక్టు కాని దాంట్లో వేలు పెట్టకపోవడమే కదా విజ్ఞానమంటే! నాలుగు రోజులు కొలతలు తీసుకుని, తొట్టిని వరిగడ్డిలో చుట్టి లారీకెక్కించారు. పోతూ పోతూ గుంత చుట్టూ ముళ్ళకంచె వేసి నీలం బోర్డు ఒకటి పాతారు. కింద ఇంకా ఏమైనా ఉండవచ్చు కనుక ఇక్కడ తవ్వినవారు శిక్షార్హులని దాని సారాంశం.

"మళ్ళీ ఎప్పుడొస్తారు సామీ?" అన్నాడు మునిరామయ్య.

"ఆర్డర్లు రావాలి."

ఆర్డర్లు ఎవరి నుంచి రావాలో, ఎటు నుంచి రావాలో ఆయన చెప్పలేదు. అడిగే తెలివి మునిరామయ్యకు లేదు. నాకుంది గానీ, ఆ సమయంలో నేను డాక్టర్ గారి పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటున్నాను.

విజ్ఞానం వెళ్ళిన పది రోజులకు భక్తి వచ్చింది. పుత్తూరులో వేరుశనగ నూనె మిల్లు గోవిందస్వామి గారిది. ఆయన కారు దిగి, చెప్పులు విడిచి, ఖాళీ గుంతకు సాష్టాంగపడ్డాడు.

"పన్నెండు కాళ్ళంటే ఏమనుకున్నారు? ద్వాదశాదిత్యులు! ఎవడో మహాముని ఆ తొట్టిలో కూర్చుని బతికుండగానే సమాధి అయినాడు. ఆయన నాకు కలలో కనిపించినాడు," అన్నాడు.

"కలలో నీళ్ళ సంగతేమన్నా సెప్పినాడా సామీ?" అంది సిద్ధమ్మ.

గోవిందస్వామి గారు ఆమెను చూసి జాలిగా నవ్వారు. నెల తిరక్కుండా గుంత మీద తాటాకు పందిరి లేచింది. స్వామికి తొట్టిస్వామి అని నామకరణం జరిగింది. తవ్వకూడదని బోర్డు ఉంది గానీ, కొబ్బరికాయ కొట్టకూడదని లేదు కదా! శుక్రవారాల్లో పాకాల నుంచి, పూతలపట్టు నుంచి కూడా జనం దిగారు. వాళ్ళ బళ్ళు సిద్ధమ్మ చేలోనే నిలిచేవి. వాళ్ళ ఎద్దులు సిద్ధమ్మ వేసిన జొన్నపైరునే ప్రసాదంగా స్వీకరించేవి. బావి లేని చేలో వానను నమ్ముకుని వేసిన పైరు అది. ఆమె కర్ర పట్టుకుని అదిలిస్తే, భక్తులు ఆమె శ్రద్ధ లేని మనిషని చెవులు కొరుక్కున్నారు.

మరి కళ ఊరుకుంటుందా? తిరుపతిలో ఒక కళా సంఘానికి అధ్యక్షురాలు చంద్రకాంతమ్మ గారు. పేటిక ఫోటోలు పత్రికలో చూసి, ఆ కాళ్ళ లయకు ఆవిడ పరవశించిపోయారు. సిమెంటుతో నకళ్ళు పోయించారు. ఇప్పుడు తిరుపతిలో కాస్త అభిరుచి కలిగిన ఇంటికి మీరు వెళితే, వరండాలో పన్నెండు కాళ్ళ తొట్టి, అందులో క్రోటన్ మొక్క కనిపిస్తాయి. శవపేటికలో మొక్కలు పెంచుకునే స్థాయికి మన నాగరికత చేరిందంటే అది ఎవరి చలవ?

ఎనభైలో ఆ సంఘంవారు ప్రదర్శన పెట్టారు. స్టేజీ మీద సహజత్వం కోసం సిద్ధమ్మను పిలిపించి, చంకలో ఖాళీ బిందె పెట్టి, సిమెంటు పేటిక పక్కన నిలబెట్టారు. వక్తలు గంటన్నర సేపు ఆ అజ్ఞాత కుమ్మరిని పొగిడారు. ఆమె గంటన్నర సేపూ అట్లాగే నిలబడింది. బిందె అటు చంక నుంచి ఇటు చంకకు మార్చుకోబోతే ఫోటోగ్రాఫర్ కదలొద్దన్నాడు. చివర్లో చంద్రకాంతమ్మ గారు మైకు ఆమె ముందు పెట్టి రెండు మాటలు చెప్పమన్నారు.

సిద్ధమ్మ జనాన్నంతా ఒకసారి చూసింది.

"ఆ తొట్టి మాకొద్దు తల్లీ, మీరే పెట్టుకోండి. నా గుంత నాకిచ్చేయండి. ఈ బిందె దినానికి ఎనిమిది తూర్లు మోస్తా ఉండా. ఈడికొచ్చి గూడా మోయాల్నా?"

హాలంతా చప్పట్లు! ఎంత నేచురల్‌గా చెప్పిందో అని ముందు వరసలోని ఒకావిడ కళ్ళొత్తుకుంది. నేనూ అక్కడే ఉన్నాను. చప్పట్లు కొట్టలేదు గానీ, నోటుబుక్కులో ఆ మాటలు రాసుకున్నాను. మా వృత్తిలో దానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఎనభై ఒకటి ఎండాకాలానికి సిద్ధమ్మవాళ్ళ ఎద్దులు సంతలో అమ్ముడుపోయాయి. మునిరామయ్య అరక్కోణం దగ్గర ఇటుకల బట్టీ పనికి పోయాడు. సిద్ధమ్మ పక్క పొలంవాళ్ళ బావి నుంచి నీళ్ళు మోసుకుని ఇల్లు గడిపింది. నేను సిగ్గుపడి, ఆర్డర్ల సంగతి కనుక్కుందామని ఆ శాఖ వారి గోడౌనుకు వెళ్ళాను. ఆర్డర్లు కనబడలేదు గానీ, తొట్టి కనబడింది. పాత ఫైళ్ళ కట్టల వెనుక, మూడు కాళ్ళు విరిగి, మూత రెండు ముక్కలై పడి ఉంది. వాచ్‌మన్ అందులో తన గొడుగు, క్యారియరు భద్రపరచుకుంటున్నాడు.

"ఎముకలేవి?" అన్నాను.

"ఏం ఎముకలు సార్?" అన్నాడు.

తిరిగి వచ్చి ఈ సంగతి సిద్ధమ్మకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె బిందె చంకనెత్తుకుని నీళ్ళకు పోయింది. మరునాడే మొగుడికి మనిషి చేత కబురంపింది.

ఎనభై రెండు మొదట్లో మునిరామయ్య తిరిగొచ్చాడు. కంచెకూ బోర్డుకూ దూరంగా, చేనికి ఆ చివర, ఇద్దరు కూలీలను పెట్టుకుని కొత్త గుంత మొదలుపెట్టారు. ఈసారి టెంకాయ లేదు, డాక్టరు లేడు. నన్నూ పిలవలేదు. దారిన పోతూ చూసి నేనే వెళ్ళాను. నా అలికిడికి నలుగురూ పని ఆపి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

గుంతలో ఒక పక్కన మట్టి గీకి ఉంది. అక్కడ ఒక కుండ బయటపడింది. బయట ఎరుపు, లోపల అద్దంలా మెరిసే నలుపు. నేను పక్కకు వంగి చూశాను. కుండలో పిడికెడంత మట్టి ఎద్దు ఉంది. మూపురం, గంగడోలు, మెడలో గంట కూడా ఉన్నాయి. దాని వీపు అరిగి నున్నగా ఉంది. ఏ పసిబిడ్డో ఏళ్ళ తరబడి ఆడుకున్నట్టుంది. డాక్టర్ జయరావు గారి వెంట తిరిగి నాకూ నాలుగు ముక్కలు వచ్చాయి. అట్లాంటిది ఈ చుట్టుపక్కల ఇంతవరకూ ఎవరికీ దొరకలేదని నాకు తెలుసు. నా చెయ్యి జేబులోని నోటుబుక్కు మీదికి పోయింది.

"రాస్తావా అన్నా?" అని అడిగింది సిద్ధమ్మ.

ఆమె గొంతులో కోపం లేదు. బతిమాలడమూ లేదు. ఊరికే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. మునిరామయ్య గడ్డపార ఎత్తి పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు.

"ఏం రాయాలమ్మా? నాకు మట్టి తప్ప ఏమీ కనబడటం లేదే," అన్నాను.

గడ్డపార దిగింది. మూడు దెబ్బలు. కూలీలు ఆ పెంకుల్ని తట్టకెత్తి మట్టితోపాటు గట్టున పోశారు. నేను అటు తిరిగి నిలబడ్డాను. తిరిగి నిలబడినా చప్పుడు వినబడుతుంది కదా.

పదకొండో నాడు నీళ్ళు పడ్డాయి. కబురు తెలిసి వెళ్ళాను. సిద్ధమ్మ చెంబెడు ముంచి ఇచ్చింది. కొంచెం బురదగా ఉన్నా తియ్యగా ఉన్నాయి. మొత్తం తాగాను.

మూడేళ్ళలో ఒక్క అధికారి, ఒక్కసారి వచ్చి, "అమ్మా, ఇది మాకు కావాలి, నీకు ఆ పక్కన బావి మేం తవ్విస్తాం" అని ఉంటే ఆ మట్టి ఎద్దు బతికేది. అంతకంటే ముందు, నేను రెండు రోజులు ఆగి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. ఇప్పుడా పల్లెల్లో ఎవరి చేలో ఏ పాత పెంకు తగిలినా పొద్దెక్కేలోపు పిండి అయిపోతోంది. ఎంత శ్రద్ధగా చేస్తున్నారనుకున్నారు! చరిత్రను ఇంత త్వరగా గుర్తుపట్టే రైతులు దేశంలో ఇంకెక్కడా ఉండరు. ఆ చదువు వాళ్ళకు చెప్పింది మనమే.

మొన్న తిరుపతిలో డాక్టర్ జయరావు గారి ఉపన్యాసానికి వెళ్ళాను. ఆ ఒక్క పేటిక మీద ఆయన పెద్ద గ్రంథం వెలువరించారు. మన ప్రాంతంలో ఆనాటి జనం స్థిరంగా ఉండలేదనీ, ఒక్క శవాన్ని పూడ్చి ముందుకు సాగిపోయారనీ, అందుకే ఆ తర్వాత ఇక్కడ మరొక్క ఆధారమైనా దొరకలేదనీ సిద్ధాంతీకరించారు. సభ ముగిస్తూ, ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగారు.

నాకేం సందేహం? నేను ఆ బావి నీళ్ళు తాగినవాణ్ణి.