హరిచరణ్ గారి సంపుటంలో మా మామగారి మంకీ క్యాపు

పేరున్న నవలాకారుడు పత్రికలకు రాసిన ప్రతి ముక్కనూ ఏరి తెచ్చి, ఇటుకంత పుస్తకంగా అచ్చువేయడం జాతికి జరిగే మహోపకారం. కాదనేవాళ్లుంటే కోల్‌కతా రండి. సాల్ట్ లేక్‌లో మా ఇంట్లో కూర్చుని వాదించుకుందాం. టీ ఖర్చు నాది!

నవలలు గొప్పవే, ఒప్పుకుంటాను. కానీ నవలలో రచయిత స్నానం చేసి, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కనిపిస్తాడు. పత్రికా రచనలోనో? లుంగీలో దొరికిపోతాడు! వీధి కుళాయి కారుతోందని మునిసిపాలిటీని తిడతాడు. వంకాయల ధర చూసి కంటతడి పెడతాడు. ఎడిటరు ఫోన్ చేసి ఇంకో పది లైన్లు కావాలంటే, ఉక్కపోత గురించి పది లైన్లు కక్కేస్తాడు. అవన్నీ పోగుచేసి అట్ట వేస్తే నాలాంటి కాలమిస్టుకు ఎంత ధైర్యం! మహానుభావుడూ కుళాయి గురించి రాశాడు, నేనూ కుళాయి గురించి రాశాను. ఇక మా ఇద్దరికీ తేడా ఏముంది? ఆయనవి జనం చదివారు, అంతే కదా.

ఈ విషయంలో బెంగాలీల దగ్గర మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మా పక్క ఫ్లాటు అభిజిత్‌దా వాళ్లు ముందు అద్దాల బీరువా కొన్నారు. తర్వాత దాని కొలతకు సరిపడా రచనా సర్వస్వాలు కొన్నారు. బీరువా తాళంచెవి ఎప్పుడో పోయింది. అయినా సాహిత్యం మీద ఆ కుటుంబానికున్న గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు. తెరిచి చదివి ఉంటే తగ్గే ప్రమాదం ఉండేది!

ఇక నా సంగతి. ఇన్నేళ్లుగా నేను రాసిన కాలమ్‌ల కత్తిరింపులన్నీ మంచం కింద సూట్‌కేసులో ఉన్నాయి. పుస్తకం వేస్తారా అని అడిగితే పబ్లిషర్లు, మీ నవలలేమైనా ఉన్నాయా అని అడుగుతారు. లేవంటాను. వాళ్లు ఆరోగ్యం జాగ్రత్త అంటారు. కోల్‌కతా వానలకు ఆ కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని, ఎవరి సాయమూ లేకుండా వాటంతట అవే ఒక సంపుటం అయిపోతున్నాయి.

ఇలా ఉండగా, హరిచరణ్ గారు పోయిన పదేళ్లకు ఆయన పత్రికా రచనలన్నీ కలిపి ఒకే పుస్తకంగా వచ్చాయి. అంత పెద్ద నవలాకారుడు ఉద్యోగరీత్యా కొన్నాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు కనుక, ఆవిష్కరణ ఇక్కడి తెలుగు సంఘం హాల్లోనే పెట్టారు. వక్తల్లో నేనొకణ్ణి. పుస్తకాన్ని రంగు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, వేదిక మీదే మా చేతికిచ్చారు. ముందే ఇస్తే చదివేస్తామేమోనని భయం కాబోలు! దానివల్ల ఏం నష్టం వచ్చింది? ఒకాయన హరిచరణ్ గారితో తాగిన టీ గురించి చెప్పాడు. ఇంకొకాయన తాగుదామనుకుని కుదరని టీ గురించి చెప్పాడు. ఈ పుస్తకంలో ప్రతి వాక్యం మీదా ఆయన ముద్ర ఉందని నేను గొంతు పెంచి ముగించాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఇంటికొచ్చాక రిబ్బను విప్పింది నా భార్య పుష్పరాణి. నా కాలమ్ చూడగానే ఆవిడకు పొయ్యి మీద పోపు మాడుతున్న సంగతి గుర్తొస్తుంది. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం ఆ లావు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ ఒకటే నవ్వు.

"ఏటండీ ఈయన, మా నాన్నని ఎక్కడ చూసేడో గానీ! అచ్చు మా నాన్నే!" అంది.

తొంగి చూశాను. వ్యాసం పేరు 'మంకీ క్యాపు'. అందులో హౌరా పక్కన టికియాపారా రైల్వే షెడ్డులో పనిచేసే ఒక పెద్దమనిషి ఉంటాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి, బెంగాలీ తోటి ఉద్యోగుల్ని చూసి నేర్చుకుని, దసరా నుంచి హోలీ దాకా తల మీంచి మంకీ క్యాపు తియ్యడు. కోల్‌కతా చలి చెవుల్లోంచే దూరుతుందని ఆయన గట్టి నమ్మకం. రైల్వే పాసు మీద ఫోటో కూడా టోపీతోనే దిగాడు. ఒకరోజు చెమటకు తాళలేక టోపీ తీసి రైలెక్కితే, ఫోటోలో ఉన్నది నువ్వు కాదని టికెట్ కలెక్టరు దింపేశాడు.

అది నేను రాసిన వ్యాసం! ఆ పెద్దమనిషి సాక్షాత్తూ మా మామగారు!

జరిగింది ఇదీ. అప్పట్లో తెలుగు సంఘం ఒక మాసపత్రిక నడిపేది. అందులో చివరి పేజీ హరిచరణ్ గారిది. ఎవరు రాస్తారో సంఘంలో అందరికీ తెలుసు కదా అని ఆ పేజీకి పేరు వేసేవారు కాదు. ఒక నెల ఆయనకు కామెర్లు వస్తే, పేజీ నింపమని నన్ను బతిమాలారు. నింపాను. పెళ్లయిన కొత్త కనుక, ప్రాణం మీద తీపితో ఆ సంచిక పుష్పరాణికి చూపించలేదు. ఇన్నేళ్ల తర్వాత హైదరాబాద్ నుంచి వచ్చి పాత సంచికలు తిరగేసిన సంకలనకర్త జయంత్ గారికి ఆ కామెర్ల సంగతి ఎవరు చెబుతారు? చివరి పేజీలన్నిటికీ ఫోటోలు తీసుకుని వెళ్లిపోయారు.

పైగా ముందుమాటలో ఒక ప్రొఫెసరు ఈ ఒక్క వ్యాసం మీదే పేజీన్నర రాశారు. సామాన్యుడి పట్ల హరిచరణ్ గారి కరుణకు ఇది పరాకాష్ఠ అట! నాలో అంత కరుణ ఉందని నాకే తెలియదు.

ఆగలేక జయంత్ గారికి ఫోన్ చేశాను. కామెర్ల కథంతా చెప్పాను.

"సార్, రెండో ముద్రణ ఈ వారమే ప్రెస్సుకు పోతోంది. మీదే అంటే తీసేస్తాం. మీ పేరుతో మాత్రం ఉంచలేం, పుస్తకం ఆయనది కదా. రేపటికల్లా ఏదో ఒకటి చెప్పండి," అన్నారు మర్యాదగా.

చూశారా నా అవస్థ! ఊరుకుంటే పుస్తకంలో ఉంటాను, కానీ నేనుగా ఉండను. నోరు విప్పితే నేను నేనుగానే ఉంటాను, కానీ మంచం కింద ఉంటాను. సాయంత్రం దాకా గింజుకుని, ఆఖరికి పుష్పరాణికి చెప్పేశాను. సలహా కోసమని ఆవిడతో అన్నాను గానీ, అది అబద్ధం. ఆ నవ్వు నావల్ల వచ్చిందని ఆవిడకు తెలియాలని చెప్పాను.

ఆవిడ నావైపు ఒకసారి చూసింది. కళ్లజోడు పెట్టుకుని, వ్యాసం మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివింది. ఈసారి నవ్వలేదు.

"మా నాన్నని పట్టుకుని ఇలా రాసేసేరేటి? ఆయన రాస్తే ఎంత ప్రేమగా ఉందో. మీరు రాస్తే వెక్కిరించినట్టుంది."

రెండుసార్లూ చదివింది అవే అక్షరాలని మనవి చేసుకున్నాను. అక్షరాల సంగతి ఎవరడిగారంది. మామగారు పోయి చాలా ఏళ్లయింది. ఆయనంటే నాకు నిజంగానే ఇష్టం, ఆ ఇష్టంతోనే రాశాను. ఈ మాట ఇప్పుడు నేను నోరు తెరిచి చెప్పినా నమ్మేవాళ్లు లేరు. హరిచరణ్ గారి పేరు కింద ఉన్నంతసేపూ ఎవరూ చెప్పకుండానే మా ఆవిడ నమ్మింది.

మర్నాడు పొద్దున్నే జయంత్ గారికి ఫోన్ చేసి, పొరపాటు నాదేననీ, ఆ వ్యాసం నూటికి నూరుపాళ్లూ హరిచరణ్ గారిదేననీ పుష్పరాణికి వినబడేలా చెప్పాను. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. నా పేరు కింద మామగారిని తలుచుకునేవాళ్లు లేరు. అక్కడైతే ఆయన్ని చదివి కళ్లు తుడుచుకునే కూతురు ఉంది.

పాఠక మహాశయులకు చివరగా ఒక విన్నపం. ఇంతసేపూ చదివి, ఇందులో ఏముంది నా మొహం అనిపిస్తే, పైన ఉన్న నా పేరును వేలితో మూసి మరొక్కసారి చదివి చూడండి.