మొహమాటం గ్రాంటు

ఆ పొద్దున్న చంద్రరావు గారు అద్దం ముందు నిలబడి అడగడం నేర్చుకుంటున్నారు.

"వెల్డింగు సెట్లు కావాలండీ. షెడ్డు మీదకి కొత్త రేకులు కావాలండీ. కుట్టుమిషన్లు కూడా..." అక్కడికొచ్చేసరికి గొంతు సన్నబడింది. "...ఉంటే బాగుంటుందండీ. లేకపోయినా సర్దుకుంటామండీ."

"ఆ తోక కత్తిరించెయ్యండి!" వంటింట్లోంచి కేకేశారు ఆయన భార్య రత్నమాణిక్యం గారు. "కావాలి అని ఊరుకోండి, చాలు. అదేమన్నా నోరు తిరగని మాటా?"

"కావాలి," అన్నారు చంద్రరావు గారు అద్దంతో. అద్దం ఎదురు చెప్పలేదు కాబట్టి కాస్త ఊపొచ్చింది. "కావాలి! కావాలండీ!"

ఊపు తెచ్చుకోక తప్పని రోజు మరి. ఆయన ప్రిన్సిపాల్‌గా ఉన్న ఐటీఐ ఆత్రేయపురం దగ్గర కాలవగట్టు మీద, రైసుమిల్లు ఆసామి ఎవరో ఎప్పుడో ఇచ్చిన రేకుల షెడ్డులో నడుస్తోంది. ఆ తొంభై ఎనిమిదిలో రాష్ట్ర ప్రభుత్వం చేతిపనులు నేర్పే బళ్ళకి కొత్తగా డబ్బిస్తానంది. ఇస్తానంటూనే మెలిక కూడా పెట్టింది. డబ్బు అందుకుని బాగుపడ్డ చోట కోర్సులుంటాయి, అందుకోలేని చోట ఎత్తేస్తారు. ఎత్తేస్తే వెల్డింగు నేర్పే ఆశీర్వాదానికీ, కుట్టుపని నేర్పే సత్యకుమారికీ ఉద్యోగాలు పోతాయి. గోదావరి లంకల్లోంచి పడవెక్కి వచ్చే పిల్లలు రాజమండ్రి దాకా వెళ్ళి చదువుకోలేరు, మానేస్తారు. అది తలుచుకుంటేనే చంద్రరావు గారికి అన్నం సయించడం లేదు.

చెయ్యాల్సిన పని చూస్తే చాలా తేలిక. హైదరాబాదు నుంచి ఆఫీసరు వస్తారు. ఏం కావాలని అడుగుతారు. చెప్పాలి. చిక్కల్లా చంద్రరావు గారు తన జన్మలో దేన్నీ మొదటి పిలుపుకే పుచ్చుకున్న మనిషి కాకపోవడం. చిన్నప్పుడు పక్కింటావిడ సున్నుండ ఇవ్వబోతే వెంటనే చెయ్యి చాపినందుకు వాళ్ళమ్మ తొడపాశం పెట్టింది. మొదటిసారి వద్దనాలి, రెండోసారి మీకెందుకండీ శ్రమ అనాలి, మూడోసారి బతిమాలితే అప్పుడు ఏదో వాళ్ళ కోసం అన్నట్టు పుచ్చుకోవాలి. ఇదీ ఆయనకి ఉగ్గుపాలతో వచ్చిన మర్యాద. ఆ ఊళ్ళో అందరిదీ అదే మర్యాద కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.

జీపు గేటు ముందు ఆగింది. లోకనాథ్ గారు దిగారు. పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులోనే. అవునంటే అవును, కాదంటే కాదు అనుకునే సూటి మనిషి.

"ముందు టిఫిన్ చేద్దురుగాని, దయచెయ్యండి సార్."

"వద్దండీ. దారిలో తినేశాను."

చంద్రరావు గారు మురిసిపోయారు. పద్ధతి తెలిసినవాడు, మొదటిసారి వద్దన్నాడు! వెంటనే పెసరట్టు తెప్పించారు.

"నిజంగా వద్దండీ!"

రెండోసారీ తప్పకుండా అన్నాడు. ఏ తల్లి కన్నదో గాని ఎంత చక్కగా పెంచింది! పెసరట్టు మీద ఉప్మా పడింది, పక్కన అల్లప్పచ్చడి పడింది. "కడుపులో చోటు లేదండీ బాబూ," అన్నారు లోకనాథ్ గారు దీనంగా. ఇంత గౌరవంగా మూడోసారి కూడా చెప్పాక ఊరుకుంటే బాగుండదని ఇంకో పెసరట్టు వేయించారు. ఆఫీసరు గారు చెమట తుడుచుకుంటూ, మంచినీళ్ళు తాగుతూ, అంతా తిన్నారు.

షెడ్డులో ఆశీర్వాదం వెల్డింగు సెట్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సెట్టు వైరు ఎన్ని చోట్ల తెగిందో అన్ని చోట్లా టేపు చుట్టి ఉంది. స్విచ్చి వేస్తే చుర్రుమంది. మెరవాల్సిన చోట తప్ప మిగతా అన్ని చోట్లా మెరిసింది.

"ఇది మార్చాలి కదండీ?" అదిరిపడి వెనక్కి జరిగారు లోకనాథ్ గారు. "కొత్తది రాయమంటారా?"

కావాలి. ఆ మాట చంద్రరావు గారి నాలిక చివరిదాకా వచ్చి అక్కడ చతికిలబడింది.

"అబ్బే, ఇప్పుడెందుకండీ! ఉన్నదాంతో నెట్టుకొస్తున్నాం."

రెండోసారి అడిగినప్పుడు కొంచెం మెత్తబడదాం, మూడోసారికి ఒప్పేసుకుందాం అని ఆయన లెక్క. లోకనాథ్ గారు రెండోసారి అడగలేదు. "వెరీ గుడ్," అని కాగితం మీద రాసుకుని ముందుకి నడిచారు. ఆశీర్వాదం మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏందండీ, ఈ రేకుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది?"

"వెలుతురు బాగా వస్తుందండీ."

"మరి వానొస్తే?"

"పిల్లల్ని పక్కకి జరుపుతామండీ. ఆ మాత్రం దానికి మీకెందుకండీ శ్రమ!"

లోకనాథ్ గారు అదీ రాసుకున్నారు. తర్వాత కుట్టుమిషన్ల దగ్గర ఆగి సత్యకుమారిని అడిగారు. "మీరు చెప్పండమ్మా. ఇంతమంది పిల్లలకి ఈ రెండు మిషన్లు చాలుతాయా?"

సత్యకుమారి రాత్రే నిశ్చయించుకుంది, నిలదీసి అడిగేద్దామని. కాని ప్రిన్సిపాల్ గారే అన్నిటికీ వద్దు వద్దంటుంటే తను ఎగబడి కావాలంటే ఏం బాగుంటుంది? నలుగురూ ఏమనుకుంటారు? "పర్లేదండీ. వంతులేసుకుంటున్నాం," అంది తల వంచుకుని. ఇక ఆఖరి ఆశ ఆశీర్వాదమే. "మీకేం ఇబ్బంది లేదు కదా?" అని ఆఫీసరు అడిగితే, నిప్పురవ్వలకి బొబ్బలెక్కిన చేతివేళ్ళు వెనక్కి దాచుకుని, "లేదండి. అలవాటైపోయిందండి," అన్నాడు.

ఆఫీసు గదిలోకి వచ్చాక లోకనాథ్ గారు కుర్చీలో కూలబడ్డారు. సగం పెసరట్ల బరువు, సగం ఆనందం.

"చంద్రరావు గారూ, ఎన్నో జిల్లాలు తిరిగాను. ఎక్కడికెళ్ళినా అది కావాలి, ఇది కావాలి, చాలదు, చాలదు. ఏమీ అక్కర్లేదన్నవాళ్ళు మీరొక్కరే! మీ వంతు డబ్బు వేరే జిల్లాకి రాసేస్తున్నాను. మీలాంటివాళ్ళుండబట్టే దేశం నడుస్తోంది." చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపారు.

చంద్రరావు గారికి పడవలో వచ్చే పిల్లలు కళ్ళ ముందు మెదిలారు. ఏడుపొచ్చినంత పనైంది. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ లేదు. గొంతు సవరించుకున్నారు, గుప్పిళ్ళు బిగించారు.

"సార్! అది కాదండీ... అసలు మాకు..."

"ఏందండీ? చెప్పండి."

"మా... మా ఇంట్లో భోంచేసి వెళ్ళాలండీ."

"వద్దండీ బాబోయ్!" లేచి జీపు వైపు అడుగేశారు లోకనాథ్ గారు.

"అమ్మమ్మ! అలా అంటే ఎలాగండీ!" చంద్రరావు గారు చెయ్యి పట్టుకున్నారు. అడగడానికి లేని బలం లాక్కెళ్ళడానికి ఎక్కడినుంచి వచ్చిందో గాని, బడి వెనకే ఉన్న ఇంటికి ఆయన్ని దాదాపు మోసుకెళ్ళారు.

వాళ్ళ కన్నా ముందే ఆశీర్వాదం పెరటి దారిన పరిగెత్తుకొచ్చాడు. వెనకే సత్యకుమారి. "అమ్మగారూ, కొంప మునిగిందండి! సార్ అన్నీ వద్దనేశారండి. నేనూ వద్దనేశానండి. ఈవిడా వద్దనేసిందండి. ఆ ఆఫీసరు గారు అన్నీ నిజమనుకున్నారండి!"

రత్నమాణిక్యం గారు ఒక్క క్షణం గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డారు. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎగదోపి వడ్డనకి దిగారు.

అరిటాకులో ముద్దపప్పు పడింది, నెయ్యి పడింది, పనసపొట్టు కూర పడింది. "చాలమ్మా," అన్నారు లోకనాథ్ గారు. గుత్తివంకాయ పడింది. "వద్దమ్మా!" పులిహోర గుట్టగా పడింది. ఆయన ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టారు. వేళ్ళ సందుల్లోంచి పూతరేకు జారింది.

"వద్దంటే వినరేందమ్మా!" అరిచేశారు లోకనాథ్ గారు. "పొద్దున్నుంచీ వద్దు వద్దు అని మొత్తుకుంటున్నాను. ఒక్కరూ నమ్మరేం? మా వైపు వద్దంటే వద్దనే!"

చంద్రరావు గారు కళ్ళు మూసుకున్నారు.

"అలాగాండీ," అన్నారు రత్నమాణిక్యం గారు నెమ్మదిగా. "మా వైపు వద్దంటే ఇంకోసారి అడగమని అండీ. మూడుసార్లన్నా అడక్కుండా ఎవరం ఏదీ పుచ్చుకోమండీ. పెసరట్టైనా అంతే, రేకులైనా అంతే."

లోకనాథ్ గారు ఆకు వైపు చూశారు. చంద్రరావు గారి వైపు చూశారు. తలుపు పక్కన నిలబడ్డ ఆశీర్వాదం బొబ్బల వేళ్ళ వైపు చూశారు. మెల్లగా ఆయన మొహం వెలిగింది.

"నా కాగితాలు పట్రండి!"

కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడంచేత్తో కలం పట్టుకున్నారు. "చంద్రరావు గారూ! వెల్డింగు సెట్టు?"

"అబ్బే, ఎందుకండీ..." అలవాటుగా వచ్చేసింది పాపం.

"నాలుగు రాశాను! రేకులు?"

"మీకెందుకండీ శ్ర..."

"షెడ్డు మొత్తం కొత్తది, గోడలతో సహా!"

చంద్రరావు గారి కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి. తలుపు పక్కనుంచి సత్యకుమారి జీవితంలో మొదటిసారి గొంతెత్తింది. "సార్! మాకు కుట్టుమిషన్లు పది వద్దండీ!"

"పన్నెండు!"

"మా పిల్లలకి గ్లౌజులు, కళ్ళద్దాలు అసలు వద్దండి సార్!" అరిచాడు ఆశీర్వాదం.

"ఒక్కొక్కరికీ రెండేసి!"

ఇల్లు పెళ్ళివారిల్లయిపోయింది. ఒకళ్ళు వద్దంటుంటే ఒకళ్ళు రాస్తున్నారు, రత్నమాణిక్యం గారు నవ్వుతూ చారు పోస్తున్నారు, ఆ హడావిడిలో లోకనాథ్ గారు ఏం తింటున్నారో చూసుకోకుండా రెండు పూతరేకులు లాగించేశారు. ఇంత సరదాగా ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టడం ఆయన సర్వీసులో ఎన్నడూ ఎరగరు. ఆ సరదాలోనే ఆయనకి ఇంకోటి గుర్తొచ్చింది.

"రిపేరు నేర్పడానికని మా డిపార్టుమెంటులో పాత రోడ్డు రోలర్లు పడున్నాయి. ఒకటి పంపమంటారా?"

చంద్రరావు గారు ఉలిక్కిపడ్డారు. "వద్దండీ."

"అహా!" లోకనాథ్ గారు కాగితం మీద ఒక గీత గీశారు.

"లేదండీ, ఇది నిజంగా వద్దండీ! నడిపేవాళ్ళు లేరు, పెట్టడానికి చోటు లేదు, కాలవగట్టు దిగబడిపోతుంది. మీకు దండం పెడతాను!"

లోకనాథ్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "మీ మర్యాద నాకు పూర్తిగా అర్థమైపోయిందండీ," అని ఎడంచేత్తో ఇంకో గీత గీశారు.

వానలు పడేలోపే కొత్త రేకులు వేశారు. వెల్డింగు సెట్లు దిగాయి, కుట్టుమిషన్లు దిగాయి, లంకల పిల్లలు ఒక్కరూ చదువు మానలేదు. రోడ్డు రోలర్లు మాత్రం రెండే వచ్చాయి.