రిబ్బను కట్టిన ఫ్రిజ్

ప్రజలందరికీ సంతోషంతో తెలియజేయడమేమనగా, పెద్దాసుపత్రి మందుల గదికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. అది చల్లబడకపోవడానికి కారణం మరమ్మతు కాదు, మర్యాద. ముఖ్య అతిథి స్వహస్తాలతో నొక్కేదాకా దాని స్విచ్ ఎవరూ ముట్టరాదని సూపరింటెండెంటుగారి ఉత్తర్వు. పాత ఫ్రిజ్‌ను రద్దు జాబితాలో చేర్చి అదే రోజు సాగనంపారు. అతిథిగారికి శుక్రవారం గానీ తీరిక లేదు. మందు మాత్రం, పిలుపు అందకుండానే, మంగళవారం దిగింది.

ఆ మందు ఒక ఎంజైము. మన పేగుల్లో కాపురముండే బాక్టీరియా నుంచే తీస్తారు. రక్తంలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది; దాన్ని ఇది విరగ్గొడుతుంది. ఆ ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోవడం చేతకాని క్యాన్సర్ కణాలు పస్తులుండి చస్తాయి. ఇంత పని చేసిపెట్టే మందు అడిగేది కాస్త చల్లని చోటు. మూడో వార్డులో దర్జీగారి ఆరేళ్ళ పాపకు గురువారం ఇంజెక్షన్ పడాలి.

"సార్, ఐసు పెట్టె సాయంత్రం దాకా కూడా ఆగదు. స్విచ్ వేసేస్తాను," అంది ఫార్మసిస్టు.

"వేసేసిన స్విచ్‌ని ఆయన చేత మళ్ళీ వేయిస్తామా? పరువేం కాను! మూడు రోజులేగా, సర్దుకోవాలమ్మా."

సర్దుకోవలసింది మందా, పాపా, జబ్బా అన్నది సూపరింటెండెంటుగారు సెలవివ్వలేదు.

ఫార్మసిస్టుకు ఒళ్ళు మండింది. మందు సీసాలున్న ఐసు పెట్టె చంకన పెట్టుకుని క్యాంటీన్‌కు వెళ్ళింది. "పెట్టుకో అక్కా, దానికేం," అని క్యాంటీన్ అతను తన ఫ్రిజ్‌లో జ్యూసు సీసాలు పక్కకు జరిపాడు. ఆమె లోపల థర్మామీటరు పెట్టి, పూటకు నాలుగుసార్లు చూసుకుంది. కొత్త ఫ్రిజ్‌లో ఖాళీ మందు డబ్బాలు అందంగా పేర్చింది. గురువారం పాపకు సూది పడింది.

శుక్రవారం అతిథిగారు రిబ్బను కత్తిరించి, స్విచ్ నొక్కి, ఉపన్యసించారు. "ఈ బాక్టీరియాను చూసి మనం నేర్చుకోవాలి! జీతం అడగదు, సెలవు అడగదు!" ఒక ఖాళీ డబ్బాను చెంపకు ఆనించుకుని, "ఆహా, అప్పుడే ఎంత చల్లబడిందో!" అన్నారు. చప్పట్లు మారుమోగాయి.

కొత్త ఫ్రిజ్ నిజంగా చల్లబడేదాకా మిగిలిన మందు క్యాంటీన్‌లోనే ఉంది. శనివారం అక్కడ జ్యూసు తీయబోయిన ఒక పెద్దమనిషి చేతికి మందు సీసా తగిలింది. ఊరు అట్టుడికిపోయింది. ఇన్నాళ్ళూ వేడి మందు గురించి ఒక్క ముక్క అనని వాళ్ళంతా జ్యూసు పవిత్రత గురించి అర్జీలు పెట్టారు. ఫార్మసిస్టుకు మెమో అందింది. పాప కోలుకోవడం కొత్త ఫ్రిజ్ చలవేనని కమిటీ తేల్చింది. విచారణ ముగిసేదాకా రెండు ఫ్రిజ్‌లకూ సీలు వేసింది.

సోమవారం పాపకు ఇంకో సూది ఉంది. ఫార్మసిస్టు ఐసు పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. నిన్న మన వీధికీ వచ్చింది. పాప మీద మనకు జాలి లేక కాదు. కానీ నలుగురూ తినేవి ఉండే ఫ్రిజ్‌లో, నాలుగు రోజుల నాటి కూర పక్కన, బాక్టీరియా మందు ఎలా పెట్టుకుంటాం చెప్పండి?