గిన్నె కడగనక్కర్లేని చేపల పులుసు

ఇరుగుపొరుగు అనే తరతరాల బాధకు ఇన్నాళ్లకు విరుగుడు దొరికింది. కంప్యూటర్‌లోనే స్నేహాలు కుదిర్చిపెట్టే దాని పేరు ఆర్కుట్!

దాని అనర్థాల గురించి పత్రికల్లో రాసేవాళ్లను చూస్తే నాకు జాలి. పిల్లలు చెడిపోతున్నారట. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫొటోలు ఎత్తుకుపోతున్నారట. అయ్యా, నా ఫొటో ఎత్తుకుపోయే మనిషి దొరికితే కాఫీ ఇచ్చి మరీ సాగనంపుతాను!

ఏలూరులో ముప్ఫై మూడేళ్లు ఉద్యోగం చేశాను. నేను నమ్మదగిన మనిషినని ఏ అధికారీ కాగితం మీద పెట్టలేదు. ఆర్కుట్‌లో చేరిన పదో రోజుకే, ఈ మనిషిని నమ్మొచ్చు అంటూ నా పేరు పక్కన మూడు నవ్వు బొమ్మలు పడ్డాయి. వేసినవాళ్లలో ఇద్దరు నన్ను ఎన్నడూ చూడలేదు. చూసి ఉంటే వేసేవారా?

ఇప్పుడు నాకు రెండు వందల పదకొండు మంది మిత్రులు. తణుకులో ఒకాయన రోజూ గులాబీతో గుడ్ మార్నింగ్ చెబుతాడు. నేను రెండు గులాబీలు తిరిగి పంపుతాను. మాకు ఇంతవరకూ మాట్లాడుకోవలసిన అవసరమే రాలేదు. ఇంతకంటే గట్టి స్నేహం ఉంటుందా?

పాత పద్ధతిలో ఎన్ని కష్టాలో చూడండి. పక్కింటి పుష్పలత మిషన్ స్కూల్లో టీచరు. ఆమె భర్త ఎడ్విన్ కొల్లేరు వైపు పని చూసుకుని, శనివారం వస్తూ వస్తూ కొర్రమీను తెస్తాడు. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం, చర్చి నుంచి రాగానే, పుష్పలత ఓ స్టీలు గిన్నెలో పులుసు పోసి గోడ మీంచి అందించేది.

ఎంత ఇబ్బంది! ముళ్లు ఏరుకోవాలి. గిన్నె కడగాలి. ఆపైన, ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగివ్వకూడదని మా ఆవిడ పెట్టి వెళ్లిన నియమం ఒకటి. నాకు అన్నం వార్చడం తప్ప ఏమీ రాదు. ఒక వారం జామకాయలు, ఒక వారం అరటిపళ్లు, ఏమీ లేకపోతే చారెడు పంచదార పోసి గోడ దగ్గర నిలబడాలి. నిలబడితే ఊరుకుంటారా? "బీపీ మాత్ర వేసుకున్నారా బాబాయిగారూ?" అంటారు. "అలా చిక్కిపోయారేంటండీ?" అంటారు. అరగంట వృథా!

తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతున్న వాళ్లమ్మాయి మానస సెలవులకు వచ్చి మమ్మల్ని ఉద్ధరించింది. వాళ్లమ్మకూ నాకూ ఒకే రోజున ఆర్కుట్‌లో ప్రొఫైళ్లు తెరిచింది.

ఆ ఆదివారం పులుసు తిని గోడ దగ్గరికి వెళ్లలేదు. "పులుసు సూపర్!" అని ఆర్కుట్‌లో ఆమె పేజీ మీద స్క్రాప్ రాశాను. క్షణంలో "థాంక్స్ బాబాయిగారూ" అని జవాబు. పై ఆదివారం పులుసు రాలేదు. పులుసు ఫొటో వచ్చింది! ముల్లు లేదు, కారం లేదు, కడగడానికి గిన్నె లేదు. కరివేపాకు ఎంత స్పష్టంగా ఉందనుకున్నారు! "నోరూరుతోంది" అని రాసి, పెరుగన్నం తిన్నాను.

అసలైన మేలు చికున్‌గున్యా వచ్చినప్పుడు తెలిసింది. జ్వరమని నాలుగు ముక్కలు టైపు చేసి మంచమెక్కాను. మూడో రోజు గోడలు పట్టుకుంటూ కంప్యూటర్ దగ్గరికి వచ్చి చూస్తే నలభై రెండు గెట్ వెల్ సూన్‌లు! మెరిసే పూలు. తలకు కట్టు కట్టుకున్న ఎలుగుబంట్లు. పుష్పలత పంపిన ఎలుగుబంటి అన్నిటికంటే పెద్దది. పాపం, అమెరికా దాకా వెళ్లి, చుట్టూ తిరిగి, మా మధ్యనున్న నాలుగడుగుల గోడ దాటి వచ్చింది.

అంట్లు తోమే వరమ్మకు ఆర్కుట్ లేదు. అందుకని ఎలుగుబంటి పంపడం చేతకాక, అదే జ్వరం నుంచి లేచి కుంటుకుంటూ తానే వచ్చింది. నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, జావ కాచింది. తాగుతుంటే గూట్లోంచి ఓ గిన్నె తీసి నా ముందు పెట్టింది.

"ఇది పుష్పలతమ్మగారిది కదండీ? నెలన్నర బట్టి చూత్తన్నాను. ఇచ్చెయ్యరేంటండీ?"

"వాళ్లు పులుసు పంపడం మానేశారు కదా వరమ్మా, తొందరేముంది?"

"గిన్నె మీరట్టుకుని కూకుంటే పులుసు దేంట్లో పంపుతారండీ? దోసిట్లోనా?"

కీళ్లు కాస్త వంగాక, గిన్నెలో చారెడు పంచదార పోసి గోడ దగ్గరికి వెళ్లాను. పుష్పలత గిన్నెను చూసింది, నన్ను చూసింది.

"గిన్నె రాకపోతే మా వంట మీకు మొహం మొత్తిందనుకున్నానండీ. అడిగితే ఏమనుకుంటారోనని ఫొటో పెట్టి చూశాను. నోరూరుతోందన్నారు గానీ, మీరు గోడ దగ్గరికి రాలేదు కదండీ బాబాయిగారూ!"

కాబట్టి పాఠకులారా, ఆర్కుట్‌ను ఏమీ అనకండి. గిన్నె తిరిగి ఇవ్వొద్దని అది నాతో ఎన్నడూ చెప్పలేదు. దాని లాభాలు ఇంకా చాలా ఉన్నాయి. రాద్దామంటే ఇవాళ కుదరడం లేదు. తణుకు మిత్రుడికి గులాబీలు పంపడమూ కుదరదు. ఆదివారం కదండీ, చెయ్యంతా పులుసు!